సగం ఊపిరి మీద తీసిన స్కాను

రైఫిల్ రేంజి, ఆఫీసు గది
మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న ఉదయం పదకొండూ ఇరవైకి ఊపిరితిత్తుల డాక్టరు నా స్కాను తెర మీద పెట్టి, రెండు వైపులా కలిపి మూడో వంతుకు పైగా మసక కమ్మిందని చెప్పాడు. తొమ్మిదేళ్లుగా వేళ్ల కీళ్లు వాచేలా చేస్తున్న జబ్బే ఇప్పుడు అక్కడికీ పాకిందట. ఏప్రిల్ ఇరవై నుంచి బలమైన మందు మొదలుపెడతాడట. ఈలోగా కొండ ఎక్కడానికి వీల్లేదన్నాడు.

ఏ కొండో నీకు తెలుసు. ఏప్రిల్ పద్దెనిమిదిన నా పిల్లలు ఆరుగురు పైనున్న రేంజికి పది రోజుల శిక్షణకి వెళ్తున్నారు. ఏడువేల అడుగుల ఎత్తు. ఇరవై ఏడేళ్లుగా గురి చూడటం నేర్పుతున్నాను, ఒక్కసారిగా ఆరుగురు ఎంపికవడం ఇదే మొదలు. వాళ్లని బస్సెక్కించి నేను గేటు దగ్గర చెయ్యి ఊపుతానని డాక్టరు అనుకుంటే, ఆయనకి నా సంగతి ఇంకా తెలియలేదన్నమాట.

రిపోర్టులో 'గ్రౌండ్ గ్లాస్' అని రాశారు. అంటే ఏమిటని అడిగితే అరగదీసిన గాజు అన్నాడు. మన చిన్నప్పటి ఇంట్లో స్నానాలగది కిటికీ అద్దం గుర్తొచ్చింది. వెలుతురు వస్తుంది, మనిషి కనపడడు. అలాంటిది నా లోపల ఉందట.

డిస్కు ఇందులో పెడుతున్నాను. రోజంతా జనాన్ని ఆ గుండ్రటి మిషన్లోకి తోసేవాడివి, నీకంటే ఎక్కువ ఊపిరితిత్తులు చూసినవాడు మన వంశంలో లేడు. చూసి, డాక్టరు పొరబడ్డాడని రాయి. వేరే ఏమీ రాయనక్కర్లేదు.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్లో నువ్వు నా మాటలు వినవు, మధ్యలో దగ్గులు లెక్కపెడతావు. ఉత్తరమైతే దగ్గదు.

అక్క

(వెనక వైపు, పెన్సిలుతో)
బావమరిదికి. మేడ మెట్లు పద్దెనిమిది. మీ అక్క రెండుసార్లు ఆగుతోంది. ఆగినప్పుడల్లా గోడ మీద బల్లిని చూస్తున్నట్టు నటిస్తోంది. మా గోడ మీద బల్లి లేదు. ఈ కవరు అంటించి డబ్బాలో వేసేది నేనే కాబట్టి ఈ నాలుగు ముక్కలూ ఆవిడ చూడదు. బావ.


స్కానింగు గది, అద్దం ఇవతల
మార్చి 11

అక్కా,

డిస్కు చేరింది. ముందుగా ఒక మాట. నేను ఫోటో తీసేవాణ్ణి, తీర్పు చెప్పేవాణ్ణి కాను. బొమ్మలో ఏముందో చెప్పడం మా డాక్టరమ్మ పని. నేను చూడగలిగింది ఒక్కటే, ఫోటో సరిగ్గా తీశారా లేదా అని.

సరిగ్గా తియ్యలేదు.

ఎలా చెప్పగలనంటే, మెడ కింద నుంచి ఛాతీలోకి దిగే గాలిగొట్టం అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండాలి. దాని వెనక గోడ మాత్రం మెత్తన. మనిషి నిండా గాలి పీల్చి ఆపితే ఆ గోడ బయటికి ఉబ్బి గొట్టం గుండ్రంగా కనపడుతుంది. గాలి వదిలేస్తే లోపలికి వంగి గొట్టం నెలవంక అవుతుంది. నీ గొట్టం మొదటి ముక్క నుంచి చివరి దాకా నెలవంకే.

తెర మీద నలుపంటే గాలి. గాలి తక్కువున్న ఊపిరితిత్తి ఎవరిదైనా సరే మసకగానే పడుతుంది. పిండిన స్పాంజి దట్టమవుతుంది చూడు, అలాగన్నమాట. అందువల్ల నీ మసకలో జబ్బు ఎంతో, గాలి లేకపోవడం ఎంతో ఈ బొమ్మ చెప్పలేదు. పైగా వెల్లకిలా పడుకోబెట్టి మాత్రమే తీశారు. వెనక వైపు బరువుకి కుదించుకుపోయిన చోట్లు కూడా మసకే కదా.

కాబట్టి ఒక ప్రశ్న. "గాలి పీల్చండి, ఆపండి" అని మిషను చెప్పినప్పుడు నువ్వు సరిగ్గా ఏం చేశావు? వరసగా రాయి, ఏదీ దాచకు.

ఇంకొకటి. మీ ఇంట్లో బల్లులు కులాసాగా ఉన్నాయా?

తమ్ముడు


రైఫిల్ రేంజి, ఆఫీసు గది
మార్చి 17

ఒరేయ్,

నీకెంత పొగరురా. ఊపిరి ఆపడం నాకు రాదా? ఈ ఊళ్లో సగం మంది ఆడపిల్లలకి ఊపిరి ఆపడం నేర్పింది నేను. పది మీటర్ల దూరంలో బొట్టుబిళ్ల కన్నా చిన్న చుక్కని కొట్టాలంటే గుండె చప్పుడు కూడా తుపాకీలోకి వెళ్లకూడదు. నేను ఆ మిషన్లో రాయిలా పడుకున్నాను. తీసిన కుర్రాడు "ఇంత కదలకుండా ఉన్నవాళ్లని చూళ్లేదు మేడమ్" అన్నాడు. ఆ మాట రిపోర్టులో ఎందుకు రాయలేదో అడుగు.

ఏం చేశానో వరసగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఎప్పుడూ చేసేదే చేశాను. పిల్లలకి మొదటి రోజు చెప్పేదే. నిండా పీల్చు. సగం వదులు. అక్కడ ఒక నిశ్చలం దొరుకుతుంది, దాన్ని పట్టుకో, కదలకు. ఆ మిషను మీట నొక్కేవాడు తుపాకీ మీట నొక్కేవాడి లాంటివాడే కదా. ఆ క్షణానికి నేను సిద్ధంగా ఉండాలి. ఉన్నాను.

ఇంతకంటే బాగా ఎవరైనా చేస్తారేమో నీ అద్దం ఇవతల నుంచి చూసి రాయి.

బల్లుల గురించి ఎందుకు అడిగావు? బావ నీకేమైనా రాశాడా? నిలదీస్తే టేపు మెళ్లో వేసుకుని, కొలతలున్నాయంటూ కొట్టుకి వెళ్లిపోయాడు. ఆదివారం పూట కొలతలేమిటో నాకు అర్థం కాలేదు.

అక్క


స్కానింగు గది, అద్దం ఇవతల
మార్చి 23

అక్కా,

నీ ఉత్తరంలో పదకొండో వాక్యమో పన్నెండో వాక్యమో మళ్లీ చదువుకో. "సగం వదులు."

దొరికిపోయావు. అదీ నీ చేతిరాతతోనే.

ఇరవై మూడేళ్లలో నా మిషన్లో పడుకున్నవాళ్లు రకరకాలుగా చెడగొట్టారు. చెవులు వినపడక చెడగొట్టినవాళ్లున్నారు, భయపడి చెడగొట్టినవాళ్లున్నారు, నవ్వొచ్చి చెడగొట్టిన పెళ్లికొడుకు ఒకడున్నాడు. ఇంత క్రమశిక్షణగా చెడగొట్టిన మొదటి మనిషివి నువ్వే. ఆ కుర్రాడి తప్పూ ఉంది. కదలడం లేదని మురిసిపోయాడు, ఛాతీ లేచి ఉందో లేదో చూసుకోలేదు.

నువ్వు ఒప్పుకోవని తెలుసు, అందుకే సాక్ష్యం కావాలి. బావ టేపు తియ్యమను. ఛాతీ చుట్టూ వేసి, మిషను చెప్పినట్టే చెప్పమను. పీల్చకముందు ఎంత, పీల్చాక ఎంత, ఆపాక ఎంత. మూడుసార్లు. అంకెలు బావే రాయాలి, నువ్వు రాయకూడదు. నీ స్కోరు నువ్వే వేసుకోవడం మీ ఆటలో కూడా చెల్లదు కదా.

మీ డాక్టరు చెడ్డవాడు కాదు. తన ముందున్న బొమ్మని నమ్మాడు, అంతే. ఆ బొమ్మ మీద బలమైన మందు మొదలైతే ఒంట్లో కాపలా తగ్గుతుంది, ప్రతి జలుబుకీ భయపడాలి. అవసరమైతే వాడాల్సిందే. అవసరమో కాదో తేలకుండా వాడటం మాత్రం నాకు నచ్చలేదు.

తమ్ముడు


టైలరింగు కొట్టు, వెనక బల్ల
మార్చి 28

బావమరిదికి,

అడిగిన కొలతలు.

మామూలుగా 34. నిండా పీల్చాక 36 పావు. ఆపాక 34 ముప్పావు.
రెండోసారి 34, 36, 34 ముప్పావు.

రెండుసార్లూ పీల్చింది వదిలేసి అక్కడ బొమ్మలా ఆగింది. టేపు జారుతోందని నేను చెబితే, టేపు పాతదైపోయిందని నా మీద పడింది. ఇదే టేపుతో ఇదే వీధిలో ముప్పై ఏళ్ల నుంచి బతుకుతున్నాను, ఎవరి చొక్కా బిగుసుకుపోలేదు.

మూడోసారి నేను గట్టిగా చెప్పాను. వదలకు, 36 దగ్గరే ఆపు అన్నాను. ఆపింది. నాలుగు అంకెలు లెక్కపెట్టానో లేదో దగ్గు మొదలైంది. నా కొట్టు గడియారం ప్రకారం నిమిషమున్నర దగ్గింది. ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడింది, తర్వాత కూర్చుంది. ఇది రాయొద్దంది.

రాస్తున్నాను. నాకు స్కాన్లు తెలియవు. ఒకటి మాత్రం తెలుసు. ఎనిమిది నెలల నుంచి ఆవిడ మాటలు పొట్టిగా వస్తున్నాయి. మునుపు నన్ను ఒక్క ఊపులో తిట్టేది, ఇప్పుడు రెండు విడతలుగా తిడుతోంది. నాకు విశ్రాంతిగా ఉంటోందని మొదట సంతోషించాను. ఆ సంతోషానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

బావ


ఇంటి వసారా
మార్చి 30

అక్కా,

బావ అంకెలు పంపాడు. మూడోసారిదీ పంపాడు. ఆయన్ని ఏమీ అనకు.

ఆ రెండు స్కానుల బొమ్మలూ మా డాక్టరమ్మకి చూపించాను. నా అక్క అని చెప్పలేదు, ఒక రైఫిల్ కోచ్ అన్నాను. తెర మీద నెలవంక చూసి, "ఈవిడ గాలి వదిలేసింది కదా" అంది. మూడు సెకన్లు పట్టింది ఆవిడకి. మీ డాక్టరుకి ఒక చీటీ రాసి ఇచ్చింది, ఇందులో పెట్టాను. మళ్లీ తియ్యాలి, నిండు ఊపిరి మీద ఒకసారి, బోర్లా పడుకోబెట్టి ఒకసారి అని.

బోర్లా ఎందుకంటే, బరువుకి కుదించుకుపోయిన మసక బోర్లా పడుకోగానే విడిపోతుంది. అసలు జబ్బైతే ఎలా పడుకున్నా కదలదు. అదొక్కటే మనకి తెలియాలి.

దగ్గు వస్తే దగ్గు. మిషను ఆగుతుంది, మళ్లీ తీస్తారు. అక్కడ ఎవరూ గురి చూడటం లేదు. లోపలికి వెళ్లేముందు ఆ కుర్రాడితో నాలుగుసార్లు సాధన చెయ్యి, నీళ్లు తాగి వెళ్లు.

ఒక్కటి అడుగుతాను. ఆ రోజు సగం వదిలింది అలవాటు వల్లేనా?

తమ్ముడు

తాజా కలం: పైన 'రెండు స్కానులు' అని రాశాను. ఉన్నది ఒకటే. కంగారులో రాశాను, నువ్వు పట్టుకుని ఏడిపించే లోపు నేనే చెబుతున్నాను.


రైఫిల్ రేంజి, ఆఫీసు గది
ఏప్రిల్ 7

తమ్ముడూ,

నిన్న తీశారు. అదే కుర్రాడు. "ఈసారి కదిలినా పర్లేదు మేడమ్, గాలి మాత్రం నింపండి" అన్నాడు. రెండుసార్లు దగ్గాను, రెండుసార్లు ఆపాడు. మూడోసారి తొమ్మిది సెకన్లు నిండుగా ఆపగలిగాను. ఇరవై ఏడేళ్లలో నాకిది అతి తక్కువ స్కోరు, అయినా ఆ కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

ఇవాళ ఉదయం డాక్టరు రెండు స్కానులూ పక్కపక్కన పెట్టుకుని నాలుగు నిమిషాలు ఒక్కో బొమ్మా పోల్చి చూశాడు. తర్వాత తెర నా వైపు తిప్పి చూపించాడు. పాత దాంట్లో ఆ స్నానాలగది అద్దం. కొత్త దాంట్లో చాలా మటుకు నల్లగా, శుభ్రంగా ఉంది. నలుపంటే గాలి అని నువ్వు చెప్పింది గుర్తుంది. మూడో వంతన్నది పదో వంతు కూడా లేదన్నాడు. బలమైన మందు ప్రస్తుతానికి ఆపాడు. మూడు నెలలకొకసారి ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊది చూపించాలి, ఆరు నెలలకి మళ్లీ స్కాను.

ఇక్కడితో ఉత్తరం ముగిస్తే నువ్వు నమ్మేవాడివే. కానీ బావ కవరు అంటించే ముందు వెనక ఏదో ఒకటి రాస్తాడు, కాబట్టి నేనే చెబుతున్నాను. కింది అంచుల్లో, వెనక వైపు, రెండు పక్కలా సన్నటి వల ఉంది. బోర్లా పడుకున్నా కదల్లేదు. ఆ వల పక్కనున్న చిన్న గాలిగొట్టాలు లాగినట్టు వెడల్పయ్యాయట. అది గాలి లేకపోవడం కాదు. అది నిజం.

నువ్వు అడిగిందానికి జవాబు. సగం అలవాటు. మిగతా సగం వేరు. ఎనిమిది నెలల నుంచి నిండా పీలిస్తే దగ్గు వస్తోంది. సగం మీద ఆగితే రాదు. రేంజిలో, మెట్ల మీద, ఫోన్లో, అన్నిచోట్లా సగం మీదే నడిపించేశాను. ఎవరికీ తెలియలేదు. చివరికి దాచడం ఎంత బాగా వచ్చేసిందంటే, వెతకడానికని వెళ్లిన మిషను దగ్గర కూడా దాచేశాను. దానివల్ల జబ్బు మూడింతలై కనపడింది. నవ్వాలనుకుంటే నవ్వు, నేను ఇవాళ మధ్యాహ్నం నవ్వాను.

ఇప్పుడు అసలు పని. కొండ సంగతి అడిగితే డాక్టరు ఒక బేరం పెట్టాడు. పదహారో తారీఖున ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాలు నడవాలి, వేలికి ఆ క్లిప్పు పెట్టుకుని. ఆక్సిజన్ అంకె తొంభై కంటే తగ్గకపోతే వెళ్లొచ్చు. తగ్గితే వెళ్లకూడదు. నిన్న కూర్చుని ఉంటే తొంభై ఆరు చూపించింది.

క్లిప్పు గురించి నీకు తెలియనిది ఉండదు. వేలు వేడి నీళ్లలో ముంచితే అంకె పెరుగుతుందా? మెల్లిగా నడిస్తే పట్టుకుంటారా? వాచిన వేలికి కాకుండా వేరే వేలికి పెడితే ఎలా? కుటుంబ సభ్యుడిగా అడుగుతున్నాను.

అక్క


స్కానింగు గది, అద్దం ఇవతల
ఏప్రిల్ 10

అక్కా,

వేలు చల్లగా ఉంటే అంకె తప్పు చూపిస్తుంది, కాబట్టి చేతులు రుద్దుకుని వెళ్లు. అది మోసం కాదు. మిగతావన్నీ మోసం, ఒక్కటీ చెప్పను. మెల్లిగా నడిస్తే దూరం తగ్గుతుంది, ఆ దూరం కూడా రాసుకుంటారు. నీకంటే ముందు నడిచినవాళ్లలో తెలివైనవాళ్లు చాలామంది ఉన్నారు.

నేను కూడా ఒకటి దాచాను, నువ్వు చెప్పావు కాబట్టి చెబుతున్నాను. నీ డిస్కు వచ్చిన రోజు మొదటి పది బొమ్మలు చూసి తెర ఆపేశాను. నెలవంక అప్పుడు నాకు కనపడలేదు, మసకే కనపడింది. రోజుకి ఇరవై మందివి చూసే కళ్లవి. ఆ మధ్యాహ్నం ముగ్గురికి ఫోటోలు తీశాను, ఎవరివో గుర్తులేదు. సాయంత్రం డ్యూటీ దిగేముందు మళ్లీ తెరిచాను, అప్పుడు గొట్టం కనపడింది. బల్లుల మీద జోకు వేసింది ఆ తర్వాత. ముందైతే వెయ్యలేకపోయేవాణ్ణి.

ఇక ఆ వల గురించి ఉన్నదున్నట్టు. మసక పోవచ్చు, వల పోదు. పెరగకుండా చూసుకోవడమే పని. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయినవాళ్లవి నా దగ్గర స్కాన్లున్నాయి, పెరిగినవాళ్లవీ ఉన్నాయి. నీది ఏ రకమో ఆరు నెలల తర్వాతి బొమ్మ చెబుతుంది, ఇప్పుడు మా డాక్టరమ్మ కూడా చెప్పలేదు.

కొండ మీద ఏడువేల అడుగుల దగ్గర అందరికీ అంకె పడిపోతుంది. కింద మోసం చేసి తొంభై తెచ్చుకుంటే పైన ఎనభై రెండు అవుతుంది. అక్కడ క్లిప్పు చూసేవాళ్లుండరు. నీ ఆరుగురు పిల్లలుంటారు. నువ్వు పడిపోతే తుపాకీలు పక్కన పెట్టి నిన్ను మోసేది వాళ్లే. వాళ్ల శిక్షణ అక్కడితో సరి.

వాళ్లకి చెప్పు. పదహారు కంటే ముందే చెప్పు. నాకు చెప్పినంత సేపు పట్టదు.

తమ్ముడు


రైఫిల్ రేంజి, ఆఫీసు గది
ఏప్రిల్ 13

తమ్ముడూ,

నిన్న సాధన అయ్యాక ఆరుగుర్నీ బెంచీ మీద కూర్చోబెట్టాను. డ్రిల్లు మాస్టారు కూడా వచ్చాడు. నేను రాలేకపోతే పైకి వెళ్లేది ఆయనే. చెప్పాల్సింది ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదటి వాక్యం సగంలో ఉండగా ఎడమచేతి వాటం పిల్ల చెయ్యెత్తింది. అందరికంటే చిన్నది, అందరికంటే బాగా కొట్టేదీ అదే.

"దగ్గు గురించేనా మేడమ్?" అంది.

నేను ఏ దగ్గని అడిగాను. ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత బయటికొచ్చింది సంగతి. వాళ్లకి ఆరు నెలల నుంచీ తెలుసట. నేను సగం ఊపిరి మీద ఆగి మాట మింగడం, గోడ వైపు తిరిగి నోరు మూసుకోవడం, అన్నీ. ఏమీ అనకూడదని ఒక ఒప్పందం చేసుకున్నారట. నా దగ్గు ప్రతి రెండు నిమిషాలకోసారి వస్తుందని లెక్కగట్టి, అది అయిపోగానే గుళ్లు పేల్చడం అలవాటు చేసుకున్నారట. కిందటి నెల పోటీలో నేను దూరంగా కూర్చున్నాను కదా, దగ్గు వినపడక ఇద్దరికి గురి తప్పిందట. డ్రిల్లు మాస్టారు ఇదంతా విని, పైన తను కూడా దగ్గాలా అని అడిగాడు. పిల్లలు నిజంగానే ఆలోచించారు.

దాచానని నేను, దాచిందని తెలియనట్టు వాళ్లు. ఎనిమిది నెలలు ఈ రేంజిలో గురి తప్పనిది ఒక్క నేనేననుకున్నాను.

కాగితం మడిచేసి మామూలుగా చెప్పాను. వల ఎక్కడుందో, ఎంతుందో, పదహారున ఏం తేలుతుందో. మధ్యలో దగ్గు వచ్చింది, దగ్గాను. ఎడమచేతి పిల్ల ఒక్కటే అడిగింది. "నడిచేటప్పుడు మోసం చెయ్యరు కదా మేడమ్?" చెయ్యనని మాటిచ్చాను. నువ్వు పది పేజీలు రాసినా ఇచ్చేదాన్ని కాదు.

పది రోజుల శిక్షణ పట్టిక, ఒక్కొక్కరి లోపాలు, ఎవరిని తిట్టాలి, ఎవరిని తిట్టకూడదు, అన్నీ డ్రిల్లు మాస్టారుకి రాసిచ్చేశాను. ఇచ్చేటప్పుడు కాస్త కష్టమైంది. ఇచ్చాక కాస్త తేలికైంది.

నువ్వు పదహారున ఉదయం ఎనిమిదీ పది బండికి దిగుతున్నావని బావ నోరు జారాడు. స్టేషన్ నుంచి నేరుగా ఆస్పత్రికి రా. తొమ్మిదిన్నరకి నడక. వరండా పొడవు ముప్పై మీటర్లట, ఒక చివర నువ్వు నిలబడు, రెండో చివర బావ. పదింటికల్లా అంకె చేతికొస్తుంది.

పద్దెనిమిదిన ఉదయం ఆరింటికి బస్సు. ఏడు సీట్లు రాయించాం. ఆరు సీట్లకి పేర్లిచ్చాం, ఏడో దానికి పదహారు మధ్యాహ్నం లోపు చెబుతామన్నాం.

అక్క